దోన్ ఎవేలియో గేటు

“నీలం వచ్చేసింది!”

అడవి లోపలి కాపలాదారు వాకీటాకీలో అరిచిన అరుపుకు, బయట టికెట్లిచ్చే యోర్లెని చేతిలోని అరటికాయ వేపుడు జారి ఒళ్లో పడింది.

తొమ్మిది రోజుల వాన తర్వాత బురద తేరుకుని, సెలెస్తె నది మళ్లీ ఆకాశం కలిపిన పాలలా జలపాతమై దూకుతోందట.

ఆమె పరుగున వెళ్లి కాలిబాటకు అడ్డంగా ఉన్న గొలుసు తీసింది. జనం బిలబిలమంటూ అడవిలోకి నడిచారు.

సరిగ్గా రెండింటికి గొలుసు మళ్లీ వేసింది. ఆ తర్వాత ఎవరినీ పంపకూడదు.

రెండూ పదికి ముసలాయన వచ్చాడు.

తొమ్మిది రోజులుగా పొద్దున్నే కర్ర ఊతంగా నడిచొచ్చి, “నీలం వచ్చిందా అమ్మాయ్?” అని అడిగి, లేదనగానే వెళ్లిపోయేవాడు. ఈ పొద్దునా అంతే. కబురు విని మళ్లీ అంత దూరం నడిచాడు.

“ఇప్పుడైనా వచ్చిందా?”

“అది వచ్చింది తాతా, మీరే ఆలస్యం. రేపు రండి.”

“పది నిమిషాలేగా!”

“మీ నడకకు జలపాతం దగ్గరి మెట్లన్నీ దిగి ఎక్కేసరికి ఎలాగూ రేపవుతుంది.”

ఆయన నవ్వి రాతి మీద కూలబడ్డాడు.

“మీ ఇల్లెక్కడ అమ్మాయ్?”

“దోన్ ఎవేలియో గేటు నుంచి అగ్నిపర్వతం వైపు మూడు వందల మీటర్లు. పెళ్లై రెండు నెలలే! కిటికీకి పసుపు రంగు వేశాం.”

“ఆ గేటు ఇంకా ఉందా?”

“ఎక్కడిది! నేను పుట్టకముందే పుచ్చి పడిపోయిందట. అయినా ఊళ్లో చిరునామాలన్నీ దాన్నుంచే.”

“ఎవరా ఎవేలియో?”

“ఎవరో పెద్దమనిషట, ఎవరికి తెలుసు? చెట్లు కొట్టేవాళ్ల లారీలొస్తే గేటుకు తాళం వేసి, అడ్డంగా పడుకున్నాడట. అందుకే ఈ అడవి మిగిలిందంటుంది మా అమ్మమ్మ. అన్నీ కథలు!”

“కథలే,” అన్నాడు ఆయన.

జేబులోంచి తుప్పు పట్టిన పెద్ద తాళంచెవి తీశాడు.

“నీ గొలుసుకు ఇది పడుతుందేమో చూడు.”

“నా గొలుసుకు తాళమే లేదు తాతా!” పడీ పడీ నవ్వింది యోర్లెని.

“అయితే నీ దగ్గరే ఉంచు. రేపు వరసలో మొదటి చోటు నాది.”

దూరంగా వినిపిస్తున్న జలపాతం హోరు కాసేపు విని, ఊళ్లో తను దిగిన మేనకోడలింటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఎనిమిదికి గొలుసు తీసింది. మొదటి టికెట్టు చింపకుండా తాళంచెవి కింద పెట్టింది.

తొమ్మిదైంది. పదైంది. నీళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయని లోపలి నుంచి వచ్చినవాళ్లు చెబుతున్నారు.

పదకొండింటికి మైకు కట్టిన కారు నెమ్మదిగా వచ్చింది. ఊళ్లో ఎవరైనా పోతే వచ్చే కారు అది.

“నది చూసుకుందామని ముప్ఫై ఏళ్ల తర్వాత మేనకోడలింటికి వచ్చి, ఈ తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు...”

“రెండు టికెట్లు,” అన్నారెవరో.

యోర్లెని రెండు చింపి ఇచ్చింది. మూడోది కూడా చింపింది, ఎవరూ అడగకుండానే. తాళంచెవి కిందిది మాత్రం ముట్టుకోలేదు.

కారు మలుపు తిరుగుతూ మిగతాది చెప్పింది:

“దోన్ ఎవేలియో కంబ్రొనేరో గారి అంతిమయాత్ర రేపు ఉదయం పది గంటలకు, దోన్ ఎవేలియో గేటు దగ్గర నుంచి బయలుదేరుతుంది.”