నర్సింలు జాగ

బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో, పరీక్షలు పూర్తయిన ఎలుకలను చంపడం నర్సింలు పని. ఆదివారం అతడు బుద్ధ విహారంలో పంచశీల స్వీకరించాడు. 'ప్రాణం తీయను, తీయించను' అన్నది అందులో మొదటిది.

సోమవారం పొద్దున డ్యూటీ మార్చమని సూపర్‌వైజర్‌ను అడిగాడు.

"దోమ కుట్టినా ఊకుంటవా అన్నా?" అని సూపర్‌వైజర్ నవ్వాడు. "సరే, ప్యాకింగ్‌కు పో. నీ జాగల ఇంకొకళ్లను చూస్త."

సాయంత్రం నర్సింలు ఇంటికి చేరేసరికి భార్య స్వరూప గుమ్మంలోనే ఉంది. ఆమె ఆర్నెల్లుగా పని వెతుకుతోంది.

"మీ సారు ఫోన్ చేసిండు. రేపటి సంది నేను గూడ మీ కంపెనీలనే. నీ పాత పనే!"

నర్సింలు చెప్పులు విప్పకుండా నిలబడిపోయాడు.

"గట్ల చూస్తవేంది? ఎలుక కరవకుంట ఎట్ల పట్టాల్నో జెర చూపియ్యి," అని ఆమె చేయి చాపింది.