దారం కట్టిన చేపలు

"క్లాసులో అందరూ మంచాల మీద పడుకుని అల్లిన లెక్కలే పట్టుకొచ్చారు. నువ్వూ ఆ బాపతే అయితే ఇప్పుడే చెప్పెయ్. బూట్లు తడవకుండా వెళ్ళిపోతాను," అన్నాడు సగటు సారు, చేపల చెరువు గట్టు మీద నిలబడి.

"కాదు సార్. మీ కళ్ళెదురుగానే వల వేయిస్తాను," అంది గోరింక.

గోరింక అన్నది వాగుడు చూసి వాళ్ళ నాన్న పెట్టిన పేరు. ఇవాళ మాత్రం ప్రతి మాటా ఆచితూచి మాట్లాడుతోంది. స్టాటిస్టిక్స్‌లో ఒకసారి తప్పింది. ఈ ప్రాజెక్టూ పోతే ఇక కాలేజీ గడప తొక్కే పని లేదు. ఆ పాఠం చెప్పేది సగటు సారే. ఆయన చేతిలోంచి మార్కు రాలడమంటే పిల్లి నోట్లోంచి ఎలుక జారడమే.

"నీళ్ళు తోడకుండా, అన్నీ లెక్కపెట్టకుండా, చెరువులో ఎన్ని చేపలున్నాయో చెబుతావు. అంతేనా?"

"అంతే సార్. పదిహేను రోజుల కిందట వంద చేపల్ని పట్టి, వీపు రెక్కకు ఎర్రదారం కట్టి వదిలాను. అవి మిగతా వాటిలో కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు ఇంకో వంద పడతాం. వాటిలో పదింటికి దారం ఉందనుకోండి, నా వందా చెరువులో పదోవంతన్న మాట. అంటే మొత్తం వెయ్యి. ఐదింటికే ఉంటే రెండు వేలు."

"నోటి లెక్క బాగానే ఉంది." సారు గోరింక నాన్న వైపు తిరిగాడు. "పెంచేవారికి తెలియకుండా ఉండదు. అసలు లెక్క నా చెవిలో చెప్పండి. అమ్మాయి లెక్క దాని దరిదాపులకు రాకపోతే సున్నా వేసి పోతాను."

నాన్న మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సారు చెవిలో గుసగుసలాడాడు. సారు రుమాలుతో చెవి తుడుచుకున్నాడు.

వల ఎక్కడ వెయ్యాలో సారే చూపించాడు. ఈ మూల, ఆ మూల, నడిమధ్య. నాన్న విసిరాడు. పడినవాటిలో వంద చేపలు తొట్టిలోకి చేరాయి. గోరింక ఒక్కో చేపనూ రెండు చేతులా ఎత్తి, వీపు చూపించి, మళ్ళీ చెరువులోకి వదులుతోంది. సారు పక్కనే గొంతుక్కూచుని లెక్కపెడుతున్నాడు. పాతిక చేపలు పోయాయి. దారం లేదు. అప్పుడొకటి తగిలింది. కాసేపటికి ఇంకోటి. తొట్టి అడుగు కనిపించేసరికి నాలుగు.

"అడుగున చూడు తల్లీ, ఉంటుంది," అన్నాడు నాన్న, ఆ చేప తన చుట్టమైనట్టు.

ఉంది. ఐదు.

"రెండు వేలు సార్."

సారు కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ నాన్న చెప్పింది రెండు వేలకు ఓ ఇరవై తక్కువ," అన్నాడు. కాగితం మోకాలి మీద పరిచి నిండు మార్కులు వేశాడు. "నా సర్వీసులో ఇంత దగ్గరగా వచ్చిన లెక్క చూడలేదమ్మాయ్."

నాన్నకు ఛాతీ పొంగింది. పొంగినవాడు ఊరుకోవచ్చుగా.

"మరేమనుకున్నారు సారూ! ఇదొక్కతే కాదు, నేనూ పడ్డాను కష్టం. పోయిన వారం ఊరికే చూద్దామని వల వేస్తే ఒక్క దారం రాలేదు. దీని మొహం మాడిపోయింది. ఎన్ని దారాలొస్తే అన్ని మార్కులేమో అనుకుని, దీనికి చెప్పకుండా నేనింకో వందకు కట్టి వదిలాను!"

సారు పెన్నుకు మూత పెట్టబోయి ఆగాడు.

"నాన్నా!"

"ఏం? రంగు కూడా అదే కొన్నాలే."

గోరింక తల పట్టుకుని గట్టు మీద కూలబడింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. లెక్క కడుతోంది.

"అప్పుడు దారం చేపలు రెండు వందలు కదా సార్. వందలో పదింటికి దారం ఉండాలి. ఐదే ఎందుకొచ్చాయి?"

"అదే నేనూ అడుగుతున్నాను. మీ నాన్న నా చెవిలో చెప్పిందన్నా అబద్ధం కావాలి, నీ లెక్కన్నా తప్పు కావాలి."

"మా నాన్న అబద్ధం చెప్పడు సార్." గోరింక ముక్కు ఎగబీల్చింది. "లెక్కే తప్పు. కొట్టెయ్యండి."

నాన్న ఒకసారి కూతుర్నీ, ఒకసారి సారునూ చూశాడు. తానేం చేశాడో పూర్తిగా తెలియకపోయినా, ఏదో చేశాడని తెలిసింది. "సారూ, తప్పు నాది. కొట్టేస్తే నన్ను కొట్టండి, మార్కులు కాదు," అన్నాడు.

సారు పెన్ను కాగితం మీద ఆనించాడు.

అవతలి గట్టు నుంచి మేత బుట్ట చంకనెత్తుకుని అమ్మ వచ్చింది. కూతురి కళ్ళు చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏమయ్యా, పిల్లనేమన్నావ్?"

"నేనేమంటానే! చేపలకు ఇంకో వంద దారాలు కట్టానని చెప్పాను, అంతే."

అమ్మ బుట్ట ధబీమని కింద పడేసింది.

"నువ్వా కట్టింది! కట్టడంతో పిల్ల పని అయిపోయింది, నోరులేని జీవాలకు ఇంకా ఆ గుదిబండలెందుకని, మేతకు ఒడ్డుకొచ్చినవాటిని పట్టుకుని వందకు వంద దారాలూ లెక్కపెట్టి మరీ కత్తిరించేస్తే, మళ్ళీ ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నాయా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను!"