అడ్డం వచ్చిన మనిషి

“ఆవిడే దూకింది మేడం! నా కారు కిందే చావాలని కంకణం కట్టుకున్నట్టు దూకింది!” పోలీస్ స్టేషన్లో బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ చెప్పాడు ఫర్నిచర్ షాపు యజమాని.

ఎదురు బెంచీ మీదున్న గడియారాల మెకానిక్ తలెత్తాడు. చొక్కా మీద భార్య రక్తం ఎండి అట్టకట్టింది. ఆవిణ్ణి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళగానే, వదినని అక్కడ ఉంచి ఫిర్యాదు ఇవ్వడానికి పరుగెత్తుకొచ్చాడు.

“నా భార్య అలాంటిది కాదు మేడం. నేను తొందరపడితే చొక్కా పట్టుకు గుంజి మరీ ఆపే మనిషి.”

“మరి ఇవాళేమైంది? కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చిందా?” అన్నాడు యజమాని.

ఇన్‌స్పెక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. “గుద్దినప్పుడు ఆవిడ ఎక్కడుంది?” అని అడిగింది.

“జీబ్రా గీతల మీద. హారన్ కొట్టే వ్యవధన్నా ఇవ్వలేదు.”

“అక్కడ కొట్టాల్సింది హారన్ కాదు, వెయ్యాల్సింది బ్రేకు. ఆ గీతల మీద అడుగు పెడితే దారి నడిచేవాళ్ళది. ఆగాల్సింది మీరు.”

“ఆకాశంలోంచి ఊడిపడితే ఎవడాపుతాడండీ?”

ఆవిడ కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. రోడ్డు పక్క దుకాణం కెమెరాలో పడిన దృశ్యం. జోరు వాన. ఫుట్‌పాత్ అంచున సంచీతో నిలబడ్డ మనిషి, ఉన్నట్టుండి రోడ్డు మీదికి ఉరికింది.

“చూశారా? నే చెప్పలా!” యజమాని కుర్చీలోంచి లేచాడు. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు.

“మళ్ళీ చూడండి. ఈసారి ఆవిణ్ణి కాదు, రోడ్డు మధ్యలో చూడండి.”

గీతల మీద ఒక బుల్లి గొడుగు. దాని కింద స్కూలు బ్యాగు, రెండు చిట్టి కాళ్ళు. మొహం కనబడలేదు. కారు వేగం తగ్గలేదు. ఆవిడ సంచీ పారేసి పరుగెత్తింది, పిల్లని రెండు చేతులా అవతలికి తోసింది. తను మాత్రం కారు ముందు ఉండిపోయింది. పిల్ల లేచి, ఏడుస్తూ ఎదుటి సందులోకి పారిపోయింది.

“పిల్లా? నేను... నేను చూళ్ళేదే!”

“ఎలా చూస్తారు? కారు వచ్చినంతసేపూ మీ తల ఫోన్లోనే ఉంది.”

యజమాని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

“ఆ పాపకి దెబ్బలేం తగల్లేదు కదా మేడం?” మెకానిక్ అడిగాడు.

“ఎవరి పాపో ఇంకా తెలీదు. వెతుకుతున్నాం.”

ఇంతలో యజమాని ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కుకుపోయింది. అతని భార్య గొంతు గదంతా వినబడింది.

“ఏమండీ, ఎక్కడున్నారు? పాప మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికొచ్చింది. ఇందాకట్నుంచీ ఒకటే ఏడుపు, ఇప్పుడే నోరు విప్పింది. ఎవరో ఆడమనిషి నడిరోడ్డు మీద దాన్ని తోసిపారేసిందట! మీరు వెంటనే పోలీస్ స్టేషన్‌కెళ్ళి ఆవిడ మీద కేసు పెట్టండి!”