గిటార్ వెనక నాలుగో స్క్రూ

మూడు స్క్రూలు బుద్ధిగా ఊడొచ్చాయి. నాలుగోది మొండికేసింది. దాని తలమీది గాడి అరిగి అరిగి గుంటపడింది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే జర్రున జారడమే తప్ప పట్టు చిక్కడం లేదు.

ఆ స్క్రూలు బిగించిన మూత కిందే బ్యాటరీ ఉంది. అది చచ్చిపోయింది. మార్చకపోతే డెల్మర్ ఎలక్ట్రిక్ గిటార్ కిక్కురుమనదు. గిటార్ పలక్కపోతే రేపు ఆదివారం చర్చిలో అతని అత్తగారు వెల్డా పాడదు. పియానో వాయించే ఆవిడ చెల్లెలి ఊరికి వెళ్ళింది. తోడు వాయిద్యం లేకుండా నోరు తెరిచేది లేదని వెల్డా ఖరాఖండీగా చెప్పేసింది. పాట కోసం ఊదారంగు గౌను కొనుక్కుంది. నాక్స్‌విల్ చుట్టాలకి కూడా ఫోన్లు చేసి పిలిచింది.

"రేపు మా అమ్మ పాట ఆగిపోయిందో, ఇక నా చేతి మొక్కజొన్న రొట్టె మీద ఆశ వదులుకో" అని డెల్మర్ భార్య నోరీన్ పొద్దున్నే తేల్చేసింది.

డెల్మర్ చేసిన తప్పల్లా ఒకటే. వంటింటి కిటికీలోంచి నోరీన్‌కి కనపడేలా బల్ల లాక్కుని, గరాజ్ తలుపు ఎత్తాడు. ఆ వీధిలో గరాజ్ తలుపు ఎత్తి చేత్తో పనిముట్టు పట్టుకోవడమంటే ఊరంతా శుభలేఖలు పంచినట్టే.

ముందు హోయ్ట్ వచ్చాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక చేతిలో చల్లటి తీపి టీ, ఇంకో చేతిలో జిగురు గొట్టం. స్క్రూ తలమీద చుక్క వేసి, డ్రైవరు అంటించి, ఆరేదాకా కదలొద్దన్నాడు. జిగురు స్క్రూకి తప్ప అన్నిటికీ అంటుకుంది. డ్రైవరు హోయ్ట్ అరచేతికి అతుక్కుపోయింది. అతను రెండో చేత్తో టీ తాగుతూ కూర్చున్నాడు.

డెల్మర్ పెద్దగా ఊపిరి వదిలాడు.

ఆ వెనకే బర్ల్ దిగాడు. ట్రాక్టరు ఇంజన్లు విప్పే చెయ్యి. దూడంత డ్రిల్లు మిషను భుజానేసుకుని వచ్చాడు. స్క్రూ తల ఎగరగొట్టేస్తే పీడా పోతుందన్నాడు.

డెల్మర్ గిటార్‌ని గుండెలకి హత్తుకున్నాడు. "వద్దన్నా. కట్టె చీలిపోతుంది. ఇది మా నాన్న కొనిపెట్టింది."

బర్ల్ టోపీ తీసి గుండెమీద పెట్టుకున్నాడు. పోనీ తన తమ్ముడి గిటార్ తెచ్చివ్వనా అన్నాడు.

"పరాయి గిటార్ మీద నా వేళ్ళు ఆడవన్నా."

అభిమానం గల మనిషి అని ఇద్దరూ తలలాడించారు. బర్ల్ డ్రిల్లు పక్కన పెట్టి పట్టకారు అందుకున్నాడు. కాస్త పైకి లేచిన స్క్రూ తలని ఓరగా ఒడిసిపట్టి, పళ్ళు బిగించి తిప్పాడు. స్క్రూ వెంట్రుకవాసి కదిలింది.

డెల్మర్‌కి ముచ్చెమటలు పట్టాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు, ఇక నిన్నేమీ అడగను అని మొక్కుకున్నాడు. ఆమెన్ అనే లోపే పట్టకారు జారి, బర్ల్ వెళ్ళి హోయ్ట్ ఒళ్ళో కూలబడ్డాడు. టీ ఇద్దరూ పంచుకున్నారు, చొక్కాల మీద.

పొద్దు వాలుతోంది, మీరెళ్ళి భోంచెయ్యండి, నా తిప్పలేవో నేను పడతాను అని డెల్మర్ బతిమాలాడు. సాటి మనిషిని కష్టంలో వదిలి ఎక్కడికి పోతామని వాళ్ళు మడతకుర్చీలు తెచ్చుకున్నారు.

అప్పుడొచ్చింది వెల్డా. ఇంటి చెప్పులతోనే, చేతిలో రేపటి విందు వంటకోసం తెచ్చిన బ్రకోలీ కట్టతో.

"ఇంతమంది మగాళ్ళు కలిసి చిటికెనవేలంత స్క్రూ తియ్యలేకపోయారా? మీకు కోళ్ళగూడు గొళ్ళెం అప్పజెప్పినా కోళ్ళు చస్తాయి."

బ్రకోలీకి చుట్టిన వెడల్పాటి రబ్బరు బ్యాండు లాగింది. స్క్రూ గుంటమీద దాన్ని పరిచి, పైన బల్లమీదున్న ఇంకో డ్రైవరు పెట్టి, ఒంటి బరువంతా దానిమీద మోపింది.

"అల్లుడూ, గిటార్ గట్టిగా పట్టుకో."

స్క్రూ కిర్రుమంది. ఒక చుట్టు తిరిగింది. ఇంకోటి. బల్లమీద టంగుమని పడింది. బర్ల్ కొత్త బ్యాటరీ వేసి, స్పీకరుకి తగిలించి తీగ మీటితే వీధి చివరి కుక్కదాకా వినపడింది.

డెల్మర్ అక్కడే చతికిలబడ్డాడు. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఊరుకోరా, ఊడొచ్చిందిగా అని హోయ్ట్ వీపు నిమిరాడు, చేతికున్న డ్రైవరుతో సహా.

వెల్డా చూసి కరిగిపోయింది. పెళ్ళయిన నాటినుంచీ అల్లుడితో ముక్తసరిగా మాట్లాడిన మనిషి వంగి అతన్ని కావలించుకుంది.

"నా పాటకోసం నువ్వింత అల్లాడిపోతావనుకోలేదు నాయనా. రేపు ఒకటి కాదు, అయిదు పాడతాను. అన్నీ నువ్వే వాయించు."

మొన్న గురువారం చర్చిలో వెల్డా పాట సాధన విని ఇంటికొచ్చి, బంగారంలాంటి బ్యాటరీ తీసి చచ్చినది పెట్టి, ఆ నాలుగో స్క్రూ గాడిని చేతులు బొబ్బలెక్కేదాకా అరగగొట్టింది డెల్మరే.