దుమ్ములోంచి వచ్చినవాడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆల్ఫ్ తాత, నోలా అత్త, రోవీనా. రోవీనా నాన్న మెర్విన్ గొర్రెలను తోలుకురావడానికి వెళ్లాడు. అంతలో పడమటి నుంచి ఎర్రదుమ్ము లేచి, ఊళ్లో ఉన్న ఆ కాసిని ఇళ్లనూ కమ్మేసింది.

వరండాలో తాత ఇనుప పళ్లెం మోగిస్తున్నాడు. దుమ్ము లేస్తే ఆ ఊళ్లో ప్రతి ఇంటిదీ ఒక్కో మోత. దారి తప్పినవాడు తన ఇంటి మోత పట్టుకుని నడిచి రావాలి.

"ఇంకా గట్టిగా కొట్టు, తాతా," అంది రోవీనా కిటికీ దగ్గర నుంచి.

"చెయ్యి ఊడిపోతే మీ అత్త అతికిస్తుందా?"

"నీ చెయ్యికేం ఢోకా లేదు గానీ కొట్టు, నాన్నా," అంది అత్త. "రోవీనా, నువ్వు గోళ్లు కొరకడం ఆపి నీళ్లు పెట్టవే. వచ్చీ రాగానే అడుగుతాడు మీ నాన్న."

రోవీనా మగ్గు నింపుతుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది. టోపీ కళ్ల మీదికి దించుకుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని, నిలువెల్లా ఎర్రగా ఉన్న మనిషి వచ్చి నాన్న కుర్చీలో కూలబడ్డాడు.

ఎవరూ పలకరించలేదు. దుమ్ములోంచి వచ్చినవాడు నీళ్లు తాగి గొంతు తడుపుకునేదాకా మాట్లాడించకూడదని అక్కడి పద్ధతి.

"హమ్మయ్య," అని అత్త వరండాలోకి వెళ్లింది. "చాల్లే నాన్నా, ఆపు. వచ్చేశాడు."

రోవీనా మగ్గు అతని ముందు పెట్టింది. అతను ముట్టలేదు. చొక్కా చేతుల్లోంచి దుమ్ము రాలుతోంది. కింద కుప్ప పడినా ఆగకుండా, సన్నగా, రాలుతూనే ఉంది.

"తాగు నాన్నా," అంది రోవీనా. కుర్చీలో కదలిక లేదు.

అత్త గుమ్మంలోకి వచ్చేసరికి ఇళ్ల మధ్య మాట్లాడుకోవడానికి మూలన పెట్టిన రేడియో సెట్టు గరగరలాడింది. రోడ్డు మీది బారు నడిపే డెల్మా గొంతు.

"నోలా, వింటున్నావా? మీ అన్న మా దగ్గరికి చేరాడు. ఎదురుగా కూర్చుని నా సూపంతా ఖాళీ చేస్తున్నాడు. దుమ్ము తగ్గేదాకా పంపను. పిల్లని ఏడవద్దని చెప్పు."

కుర్చీ కిర్రుమంది.

"అత్తా," అంది రోవీనా, చెయ్యి చాస్తూ.

గుమ్మంలో పెట్టిన కాలు అత్త మెల్లగా వెనక్కి తీసుకుంది. రోవీనా కళ్లలోకి ఒక్కసారి చూసి, తలుపు మూసి, బయట గొళ్లెం పెట్టింది.