మూడో దెబ్బ

రెండువేల ఎనిమిది, వానాకాలం. ఆకివీడు దాటాక పట్టాల పక్కనున్న రేకుల గదిలో పెర్సిస్ కంప్యూటరు ముందు ఒక్కతే కూర్చుంది. సుత్తితో కొడితే పట్టా మోగే తీరును బట్టి మంచిదేదో, పగిలిందేదో దానికి నేర్పుతోంది. నేర్పడానికి రికార్డు చేసిన దెబ్బలన్నీ రోజూ పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్‌గా పనిచేసిన వాళ్ల నాన్న ఏసురత్నంవే. ఆయన రెండు దెబ్బలు గట్టిగా కొట్టి, మూడోది పసిబిడ్డ వీపు తట్టినట్టు మెల్లగా కొట్టేవారు. పోయి ఏడాదైంది.

చీకటిపడింది. పట్టాలకు బిగించిన మైకుల్లోంచి చప్పుడొచ్చింది. ఠంగ్, ఠంగ్... ఠిక్. పట్టా మంచిదేనని తెర మీద పచ్చ చుక్క వెలిగింది.

పెర్సిస్ స్టేషనుకి ఫోను చేసింది.

"మాస్టారూ, లైను మీద ఎవరన్నా ఉన్నారాండీ?"

"ఈ వానలో ఎవరుంటారమ్మా? గూడ్సు ఇప్పుడే వదిలేశాను."

చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతూ గది వైపు వస్తున్నాయి. అన్నీ పచ్చవే. ఆమె ఆ మూడో దెబ్బ కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

వంతెన దగ్గర చుక్క ఎర్రబడింది. ఇక ముందుకి జరగలేదు. అక్కడే మళ్లీ మళ్లీ ఠంగ్, ఠంగ్.

మూడోది లేదు.

పగులు కనబడితే రైలు ఆగేదాకా అక్కణ్ణించి కదలకూడదని నాన్న ఎప్పుడూ చెప్పేవారు.

దూరంగా గూడ్సు కూసింది. పెర్సిస్ ఎర్ర లైటు అందుకుని వానలోకి పరుగెత్తింది.

"నేనొచ్చేశా నాన్నా! ఇక మీరు వెళ్లండి!"

సుత్తి చప్పుడు ఆగిపోయింది. పరుగెత్తుతున్న ఆమె వీపు మీద ఎవరో మెల్లగా తట్టారు.