‘రెవియెన్’ అనాలి

“‘రెవియాఁ’ కాదు తులసమ్మా, ‘రెవియెన్’. మొదటిది వస్తున్నాడని. రెండోది రావాలని.”

“రెండూ రావడమే గదేటి, మేడమ్?”

“జరిగేదానికి ఒక రూపం, జరగాలని కోరుకునేదానికి ఇంకోటి. ఫ్రెంచిలో ఇలాంటి క్రియలు ఏ సూత్రానికీ లొంగవు. బట్టీ పట్టాల్సిందే.”

తులసి చెంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అందుకుంది. బరంపురం బజారులో చేపలమ్మి, ఖాళీ బుట్టతో హల్దియాపదర్‌లోని చందన అద్దె గదికి వస్తోంది. చందన ఆన్‌లైన్‌లో ఫ్రెంచి చెబుతుంది. తెరమీద కనిపించే విద్యార్థులు తప్ప ఆమెకు మాట్లాడే తోడు లేదు. తులసి వెళ్లాక, గదిలో మిగిలే చేపల వాసన కూడా చందనకు మనిషి వాసనలాగే ఉండేది.

తులసి భర్త నరసన్న ఓడ పనికి వెళ్లి ఫ్రాన్సులో ఒక రేవుపట్నంలో ఉండిపోయాడు.

“ఆడికి ఫోను సేస్తే ఆడమనిషి ఎత్తుతాది. ఆవిడికి నా మాట తెల్దు, నాకు ఆవిడ మాట తెల్దు. పంపించమని నా నోటితోనే అడగాల.”

చందన భర్త మనీష్ కూడా ఇంకొకావిడతోనే వెళ్లిపోయాడు.

“బతిమాలడం దేనికి? వదిలేయరాదా?”

“నా మడిసిని పరాయి సోట ఎలా వొగ్గేత్తాను? ఆడు నా ఇంటికి రావాల.”

మనీష్‌ని చందన అలా ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే?

నోరు బాగా తిరిగాక, ఒక మధ్యాహ్నం తులసి అక్కడే కూర్చుని ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. అవతల ఆడగొంతు. తులసి కళ్లు మూసుకుని నరసన్న పేరు చెప్పి, మెల్లగా పలికింది.

“జ వ కె మోఁ మరీ రెవియెన్.”

నా భర్త తిరిగి రావాలి. ఒక్క తప్పు లేదు. ఆవిడ విరుచుకుపడుతుందని చందన తులసి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కానీ అవతలి గొంతు మెత్తగా, నెమ్మదిగా ఏదో చెప్పింది. వింటూ వింటూ చందన వేళ్లు సడలిపోయాయి.

“ఏటంతంది, మేడమ్? ఒప్పుకుందా?”

చందన ఆమె చేతిని మళ్లీ పట్టుకుంది.

“ఆవిడ ఆసుపత్రి మనిషట. శవాన్ని పంపిస్తారట.”